విశ్రమించిన సైనిక తుపాకులు – వానిపై మక్కువ
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



పాండవులు విరాటుని కొలువున చేరుటకు ముందు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిన కథ నెఱుగని తెలుగువాడు లేడు. ఏడాది గడచిన పిమ్మట ఉత్తరకుమారుడు ఆ చెట్టెక్కి మూట విప్పినాడు. ఒక్కొక్క విల్లును చూచి ఇది ఎవ్వరిది, అది ఎవ్వరిది అని ప్రశ్నించినాడు. బృహన్నల వేషముననున్న అర్జునుడు ఒక్కొక్క దాని వృత్తాంతమును చెప్పినాడు. ఆ ఘడియలో ఉత్తరునకు యుద్ధము చేయు ధైర్యము లేదు. శత్రువును గెలువవలెనను కోరికయు లేదు. అయినను వాని కన్నులలో ఒక విస్మయమున్నది. ఎవ్వరో వీరులు మోసిన ఆయుధమును తన చేతితో తాకినప్పుడు కలుగు విస్మయమది. నేటి ప్రసంగమునకు ఆ విస్మయమే విషయము.

ప్రపంచమున అనేక దేశములయందు సైన్యము వాడి విడిచిన పాత తుపాకులను స్వల్ప మూల్యమునకు కొని, ఇంట భద్రపఱచి, సెలవుదినములందు గురి కాల్చి ఆనందించువారు లక్షల సంఖ్యలో నున్నారు. వారిలో రైతులు, బడి పంతుళ్లు, వైద్యులు, కమ్మరులు కలరు. పలువురకు వేటతో పని లేదు. పగ యసలే లేదు. కొత్త తుపాకి కొను స్తోమత కలిగియు పాతదానినే కోరువారు కలరు. దీనికి కారణమేమి? ఈ ప్రశ్న షాబాదు వంటి గ్రామమునకు దూరమైనదిగా తోచవచ్చును. కాని ఏటేటా దసరానాడు జమ్మి ఆకును పెద్దల చేతిలో బంగారమని పెట్టి మ్రొక్కు ప్రజలకు ఆయుధము వేఱు, హింస వేఱు అను భావము కొత్తది కాదు. కావున విచారింపదగిన ప్రశ్నయే.

మొదట ఈ తుపాకులు చవుకగా నెట్లు లభించునో తెలియవలెను. యుద్ధము వచ్చినప్పుడు రాజ్యములు లెక్క చూడక ఆయుధములు చేయించును. యుద్ధము ముగియగనే సైనికులు ఇండ్లకు పోవుదురు. తుపాకులు మాత్రము మిగులును. పిదప కొత్త రకము వచ్చును. పాతవి కొట్లలో గుట్టలు పడును. వానిని కాపాడుటకు జీతగాండ్రు కావలెను, గదులు కావలెను, నూనె కావలెను. ఏటేటా వ్యయమే గాని రాబడి లేదు. అప్పుడు రాజ్యము రెండు దారులలో నొకటి పట్టును. కరగించుట యొకటి, వచ్చిన ధరకు అమ్ముట యొకటి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైనిక లారీలు, జీపులు, బూట్లు, కంబళ్లు డిస్పోజల్ సరుకు పేర ఈ దేశమున అమ్ముడుపోయినవి. ఇతర దేశములందు తుపాకులును ఆ త్రోవనే పోయినవి.

ఈ వ్యాపారమునకు పెద్ద అంగడి అమెరికా. అచ్చట శామ్యూల్ కమింగ్స్ అను వర్తకుడు 1953లో ఇంటరార్మ్‌కో అను సంస్థను స్థాపించి, దేశదేశముల సైనిక కొట్లను కొని, ఓడలపై తెప్పించి సామాన్య ప్రజలకు అమ్మెను. 1891లో రష్యా స్వీకరించిన మోసిన్ నగాన్ తుపాకి కోట్ల సంఖ్యలో తయారైనది. సోవియట్ రాజ్యము కూలిన తరువాత అది పెట్టెలకు పెట్టెలుగా దిగుమతియై, చాలకాలము నూఱు డాలర్లకు లోపుగనే దొరకెను. నేడు ఆ నిలువలు తరిగినవి. ధర పలుమడుగులు పెరిగినది.

ఈ దేశపు కథ త్రీనాట్‌త్రీ కథ. జేమ్స్ పారిస్ లీ అను శిల్పి కల్పించిన బోల్టు యంత్రమును, ఇంగ్లాండునందలి ఎన్‌ఫీల్డ్ కార్ఖానాలో తీర్చిన గొట్టమును కలిపి చేసినది గాన దానికి లీ ఎన్‌ఫీల్డ్ అని పేరు. పొట్టి గొట్టపు రకము 1903లో సైన్యమునకు వచ్చినది. మిక్కిలి ప్రసిద్ధమైన మూడవ మార్పు 1907 నాటిది. బరువు సుమారు 4 కిలోగ్రాములు. తూటాల పెట్టెలో 10 తూటాలు పట్టును. కలకత్తా చెంతనున్న ఇషాపూరు కార్ఖానాలో భారతీయ కార్మికులే దానిని చేసిరి. 1914–18 యుద్ధమునను, 1939–45 యుద్ధమునను భారత సిపాయి భుజమున నున్నది అదియే. 1948 సెప్టెంబరులో హైదరాబాదుపై పోలీసు చర్య జరిగినప్పుడు పదాతి దళముల చేతనున్నదియు అదియే. 1962లో చీనాతో జరిగిన యుద్ధమునందును సైనికులలో అధికులు దానినే మోసిరి. పిమ్మట సైన్యము దానిని విడిచినను పోలీసు ఠాణాలు విడువలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 నాటి కవాతుతో దానికి వీడ్కోలు పలికిరి. ఒక యంత్రము నూఱేండ్లకు పైగా నౌకరి చేసి, లాంఛనములతో విశ్రాంతి పొందుట అరుదు.

మఱి అట్టి తుపాకిని ఈ దేశపు పౌరుడు కొనగలడా? కొనలేడు. 1857 నాటి తిరుగుబాటు ఆంగ్ల ప్రభుత్వమునకు తీరని భయము పుట్టించినది. 1878 ఆయుధ చట్టము ఆ భయమునకు సంతానము. సైన్యము వాడు తూటా పౌరుని తుపాకిలో పేలరాదను నియమము కూడ అట్టిదే. అందువలన వేటగాండ్రకొఱకు .315 అను వేఱు కొలత రైఫిలు పుట్టినది. యంత్రము లీ ఎన్‌ఫీల్డుదే, తూటా మాత్రము వేఱు. ఒకే తల్లి బిడ్డలకు వేఱువేఱు ఇంటిపేర్లు పెట్టినట్లున్నది. స్వాతంత్ర్యానంతరము 1959 ఆయుధ చట్టము వచ్చి 1962 అక్టోబరు 1 నుండి అమలు జరిగినది. దాని నియమములందును .303, 7.62 కొలతల సైనిక తూటాను పేల్చు రైఫిళ్లు నిషిద్ధ వర్గమునందే నిలిచినవి. లైసెన్సుపై ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడునుండి రెండునకు తగ్గించినది.

ఇందొక వింత కలదు. 1962 యుద్ధము తరువాత ఇషాపూరులో 7.62 కొలతతో, 12 తూటాల పెట్టెతో 2ఏ1 అను రైఫిలును చేసిరి. పాత లీ ఎన్‌ఫీల్డ్ వంశమున అది కడగొట్టు బిడ్డ. వానిలో కొన్ని సైనిక మిగులుగా సముద్రము దాటి అమెరికా చేరినవి. వంగదేశపు కార్మికుడు చెక్కిన కొయ్య, వాడు రావిన గొట్టము నేడు టెక్సాసులోనో ఒహాయోలోనో ఒక గృహస్థుని గోడపై నున్నవి. ఇషాపూరు ఎచ్చటనున్నదో అతడు పటమును విప్పి వెదకుచున్నాడు. అచ్చట స్థిరపడిన తెలుగువాడు లైసెన్సు నియమములకు లోబడి దానిని కొనగలడు. స్వగ్రామమునకు వచ్చినచో తాకుటకైనను వీలులేదు.

ఇక అసలు ప్రశ్న. ఈ మక్కువకు కారణములేవి?

మొదటి కారణము వెల. వెల యనగా చవుకదనము మాత్రమే కాదు. సైన్యమునకు చేయించు వస్తువునందు లాభమును చూడరు, ప్రాణమును చూతురు. దిమ్మె ఉక్కును తొలిచి తీర్చిన యంత్రము, ఏండ్లు ఎండబెట్టిన కొయ్య, బురదలో పడినను పనిచేయు అమరిక దానికుండును. అట్టి పనితనమును నేడు కొత్తగా చేయింపదలచినచో సామాన్యుని జేబు చాలదు. దాని అసలు వ్యయమును ఎప్పుడో ఒక రాజ్యపు ఖజానా భరించినది. కొనువాడు ఇచ్చునది మిగులు రొక్కము మాత్రమే. పెద్ద దేవిడీ పడగొట్టినప్పుడు టేకు ద్వారబంధమును కొని తన చిన్న ఇంటికి ఎత్తుకొన్నవాని సంతోషమెట్టిదో ఇదియు నట్టిదే.

రెండవ కారణము సేవ. కొట్లలో పెట్టుటకు ముందు ఈ తుపాకులకు చిక్కని గోధుమవన్నె కందెనను దట్టముగా పూయుదురు. ఏండ్లు గడచునప్పటికి అది బండి ఇరుసునందలి పాత కందెనవలె గట్టిపడును. కొన్నవాడు ఎండలో నుంచి, వేడినీటితో కడిగి, కిరసనాయిలుతో తుడిచి, సందుసందున గుడ్డ పెట్టి తీయవలెను. ఆ పనికి ఒక్క దినము చాలదు. మఱియు పాత సైనిక తూటాల క్యాపులో ఒక మందుండును. పేలినప్పుడు అది గొట్టములో ఉప్పును విడుచును. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తుప్పు పట్టించును. నూనె ఆ ఉప్పును కరిగింపలేదు, నీరే కరిగించును. కావున కాల్చిన దినముననే మరిగిన నీరు గొట్టములో పోసి, ఆరనిచ్చి, పిదప నూనె రాయవలెను. పచ్చడి తీసిన ఇనుప గరిటెను కడుగక విడిచినచో తెల్లవారునప్పటికి ఏమగునో ప్రతి గృహిణికిని తెలియును. ఇట్లు సేవ చేయగా చేయగా వస్తువుపై మమత పుట్టును. తేరగా వచ్చిన దానికంటె తోమి తెచ్చుకొన్న దానిపై ప్రీతి హెచ్చు.

మూడవ కారణము చరిత్ర. పాత సైనిక తుపాకి ఒక తామ్రశాసనము. దాని ఉక్కుపై ఏ కార్ఖానా చేసినది, ఏ యేట చేసినది, ఎవ్వరు పరీక్షించిరి అను గుర్తులు ముద్రింపబడియుండును. ఇషాపూరు తుపాకిపై స్వాతంత్ర్యమునకు పూర్వము కిరీటపు ముద్ర, తరువాత అశోకుని సింహముల ముద్ర కనిపించును. రాజ్యము మారిన సంగతిని ఆ చిన్న ముద్రయే చెప్పును. ఫిన్లాండువారు రష్యా తుపాకుల మూలయంత్రమును గ్రహించి తమ గొట్టములను బిగించుకొనిరి. అందుచే ఒకే తుపాకిపై శత్రువులైన రెండు దేశముల ముద్రలు పక్కపక్కనే యుండును. 1931లో స్విట్జర్లాండు స్వీకరించిన రైఫిళ్లలో కొన్నిటి మడమరేకు విప్పినచో, దానిని మోసిన సిపాయి పేరు, దళము వ్రాసిన చీటి నేటికిని దొరకును. కొన్నవాడు ఆ చీటిని పారవేయడు. చదివి మరల అచ్చటనే పెట్టును.

ఇందు లెక్కల చక్కదనమును కలదు. గొట్టముపైనున్న సంఖ్య, బోల్టుపైనున్న సంఖ్య ఒకటేయైనచో ఆ తుపాకికి విలువ హెచ్చు. సేత్వారునందలి సర్వే నంబరు పహాణీతో సరిపోయినప్పుడు కలుగు తృప్తి దీనియందును కలుగును. ఇది అలంకారము మాత్రమే కాదు. బోల్టు మొగమునకు, తూటా కూర్చుండు గూటికి నడుమ ఎడము వెంట్రుకవాసి కొలతతో సరిచూచి బిగింతురు. వేఱొక తుపాకి బోల్టు చేర్చినచో ఆ ఎడము తప్పి, పేలునప్పుడు తూటా చినిగి, కాల్చువాని మొగముననే నిప్పు చిమ్మవచ్చును. సంఖ్య తప్పిన భూమి వ్యాజ్యమును తెచ్చును. సంఖ్య తప్పిన తుపాకి ప్రాణమునే తీయును.

నాల్గవ కారణము సాధన. ఈ తుపాకులకు దుర్భిణీ లేదు, తనంతట తాను పేలు వేగము లేదు. ఒక తూటా కాల్చిన వెనుక బోల్టును ఎత్తి, లాగి, త్రోసి, దించవలెను. ఇనుప గురిచూపు కొనయు, దూరమునందలి గురియు ఒకే రేఖలో నిలుపవలెను. ఊపిరి సగము విడిచి బిగబట్టవలెను. వ్రేలిని ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా అదుమవలెను. పాత లీ ఎన్‌ఫీల్డు గురిచూపుపై 2000 గజముల వఱకు గుర్తులు కలవు. అనగా మైలు కంటె నెక్కువ. అంత దూరమున ఒక్క మనిషిని కొట్టుట కలలోని మాట. దళమంతయు కలిసి కాల్చుటకై ఆ గుర్తులు. నూఱు గజములకే చేయి వణకిన సంగతి కాగితము చెప్పివేయును. ద్రోణుని పరీక్షలో అర్జునునకు పక్షి కన్ను తప్ప మఱేమియు కనబడలేదట. పాత తుపాకి నేర్పునది ఆ ఏకాగ్రతనే. తప్పు జరిగినప్పుడు నెపము మోపుటకు వేఱొకడు దొరకడు.

ఐదవ కారణము గోష్ఠి. అమెరికాలో 1903 నుండి పౌరులకు గురి నేర్పు ప్రభుత్వ విభాగ ముండెను. 1996లో అది లాభాపేక్ష లేని సంస్థగా మారినది. 1936లో సైన్యము స్వీకరించిన గారండ్ రైఫిలును ఆ సంస్థ నేటికిని పౌరులకు అమ్ముచున్నది. కాని ఊరక అమ్మదు. కొనువాడు అనుబంధ సంఘములో సభ్యుడై యుండవలెను, గురి కాల్చిన అనుభవమునకు ఋజువు చూపవలెను. క్యాంప్ పెర్రీ అనుచోట 1907 నుండి జాతీయ పోటీలు జరుగుచున్నవి. తాతయు మనుమడును పక్కపక్కన పండుకొని ఒకే పాత తుపాకితో వంతులవారీగా కాల్చు దృశ్యము అచ్చట వింత కాదు.

ఇంతవఱకు చెప్పినది వెలుగు. నీడను చెప్పక ముగించుట ధర్మము కాదు.

1963 మార్చిలో అమెరికాలో ఒక యువకుడు పత్రికలోని ప్రకటన కాగితమును కత్తిరించి, మారుపేరు వ్రాసి, షికాగో అంగడికి రొక్కము పంపెను. ఇటలీ సైన్యము విడిచిన కార్కానో రైఫిలు, దానిపై దుర్భిణీ, పోస్టు ఖర్చు, అన్నియు కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. ఆ యేడు నవంబరు 22న డాలస్ నగరమున ఆ తుపాకియే అధ్యక్షుడు జాన్ కెన్నెడీ ప్రాణమును తీసినది. అది చవుక గాన దొరకినది. పేరడుగలేదు గాన దొరకినది. 1968లో వచ్చిన చట్టము పోస్టుద్వారా తుపాకి అమ్మకమును, సైనిక మిగులు తుపాకుల దిగుమతిని అరికట్టినది. ఏబది యేండ్లు దాటిన వానికి మాత్రము 1980 దశకమున మరల దారి దొరకినది. వెల తక్కువయైన వస్తువునకు బాధ్యత తక్కువ కాదని ఆ దేశము మిక్కిలి గొప్ప మూల్యమిచ్చి నేర్చుకొన్నది.

తెలుగునాట ఆయుధమునకు వేఱొక చరిత్ర కూడ కలదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి తుపాకులను గైకొనెను. 1946 నుండి 1951 వఱకు తెలంగాణమున సాగిన సాయుధ పోరాటమునందు రైతులు మొదట వడిసెలతోను, కారపుపొడితోను నిలిచి, పిదప పరుల చేతినుండి లాగుకొన్న రైఫిళ్లను పట్టిరి. వారికి తుపాకి ముచ్చట కాదు, అవసరము. ఆ తరమువారిని అడిగినచో తుపాకి చప్పుడు ఆనందమని చెప్పువారు అరుదు. గోడపై తగిలించిన తుపాకిని మెచ్చుకొనగలుగుటకు ముందు దేశమున శాంతి యుండవలెను. ఇది మఱువరాని మాట. సైనిక మిగులు అనగా యుద్ధము ముగిసినదని అర్థము. ఆ తుపాకిని చూచి సంతోషించువాడు, తాను ఎఱిగినను ఎఱుగకున్నను, శాంతినే అనుభవించుచున్నాడు.

పల్లెలలో అడవిపందుల బాధ కలదు. మక్కచేను ఒక్క రాత్రిలో నేలమట్టమైన రైతు దుఃఖము మాటలకందదు. అయినను లైసెన్సులేని నాటు భరుమారు తుపాకులను చేయించుట అనర్థము. నీటిగొట్టముతో చేసిన తుపాకి ఏ దిక్కున పేలునో బ్రహ్మకైనను తెలియదు. సైనిక తుపాకిని నూఱేండ్లైనను నమ్మగలుగుటకు కారణము దానిని పరీక్షించి ముద్ర వేసిన చేయి. నాటు తుపాకిపై అట్టి ముద్ర లేదు.

మఱి గురి నేర్వవలెనను యువకులకు ఈ నాట దారి లేదా? కలదు. విద్యార్థులకు 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. కలదు, అచ్చట చిన్న.22 రైఫిలుతో క్రమశిక్షణను నేర్పుదురు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణమున గురిశాల కలదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి రైఫిలు పోటీయందు కాంస్యపతకమును గెలిచెను. ఆ నగరపు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు నాలుగు పతకములు తెచ్చినది. వారి చేతిలోనిది పాత సైనిక తుపాకి కాదు. కాని ఊపిరి బిగబట్టుట, వ్రేలు అదుముట, మనస్సు నిలుపుట అవియే.

తుదకు ఒక మాట. ఈ గ్రంథాలయపు బీరువాలలో పాతికేండ్లుగా చేరిన గ్రంథములందు పాత పుస్తకములును కలవు. చవుకగా వచ్చినవి, దానముగా వచ్చినవి, అట్టలు చినిగినవి. తొలిపుటపై ఎవ్వరిదో సంతకము, ఏదో తేది, ప్రక్కన ఒక పెన్సిలు గీత. కొత్త పుస్తకమున లేని తోడు ఆ పుస్తకమున నుండును. దానిని ముందొకరు చదివిరి, వెనుక నొకరు చదువుదురు, నడుమనున్నవాడు కాపాడువాడు మాత్రమే. పాత సైనిక తుపాకి ప్రియుని ఆనందమునకు కూడ మూలమిదియే. అతడు యజమానుడనని తలచినంత కాలము అది ఆయుధము. కాపరినని తలచిన దినమునుండి అది చరిత్ర.

ఉత్తరకుమారుడు జమ్మిచెట్టుపై మూట విప్పినప్పుడు ఆయుధములతోబాటు వానిని మోసినవారి కథను కూడ వినెను. కథ వినక ఆయుధమును పట్టువాడు ప్రమాదకరుడు. కథ చెప్పు చోటు గ్రంథాలయము. కావున ఏ ఊరిలోనైనను తుపాకుల కొట్టుకంటె ముందు పుస్తకముల కొట్టు నిలుచుట మేలు. ఈ గ్రామమున పాతికేండ్లుగా అది నిలిచినది. దానిని నిలిపిన చేతులకు నమస్కారము.